హయగ్రీవ దొరకు మేము పాలివాళ్లం

రంగూన్, మింగళ తౌంగ్‌న్యున్
1988 ఫిబ్రవరి

విశాఖపట్నంలో ఉండే చరిత్ర మాస్టారు ఢిల్లేశ్వరరావు గారి సముఖానికి,

చిన్నమ్మి అనే నేను నోటితో చెప్పగా అప్పలస్వామి చేత్తో రాస్తున్న ఉత్తరం. అతను ఇక్కడి తెలుగువాళ్ల దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అందుకని అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. మేమంతా క్షేమమని మొదలుపెడదామన్నాడు. క్షేమమైతే ఉత్తరమెందుకు, సంగతికి రమ్మన్నాను.

మీరు ఇక్కడి మా తెలుగు సంఘానికి రాసిన జాబును సంఘం పెద్ద ధర్మరాజు గారు గుడిలో అందరికీ చదివి వినిపించారు. నూట ముప్పై ఏళ్ల కిందట రంగూన్‌లో పుట్టి, కొండలూ లోయలూ కనిపెట్టి పేరు తెచ్చుకున్న హయగ్రీవ దొర కుటుంబం గురించీ చిన్నతనం గురించీ ఎవరికైనా తెలుసా అని అడిగారట. గుడిలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. ఆ దొర పుట్టిన ఇంటి వెనక కొట్టంలోనే మా తాత తల్లి నాటినుంచీ మేముంటున్నాం. నాకు డెబ్బై ఆరు. నేను పుట్టిందీ, పిల్లలను కన్నదీ, మొగుణ్ని సాగనంపిందీ అందులోనే.

ఇప్పుడు ఆ కొట్టానికే ఎసరు పెట్టారు. ముందు ఇల్లు ఎప్పుడో సర్కారు గోదాము అయింది. వెనక కొట్టం కూడా ఖాళీ చేసి, ఊరవతల చిత్తడినేలలో వేస్తున్న కొత్త పేటకు నన్ను పొమ్మంటున్నారు. పేట ఆఫీసులో ఊ బ చిట్ అని ఒక అధికారి. ఇక్కడి పద్ధతిలో పేరుకు ముందు మర్యాదగా 'డా' తగిలించి, "డా చిన్నమ్మీ, ఇక్కడ ఉండడానికి నీకేం హక్కుంది? ఆ ఇంగ్లీషువాడు నీకేమవుతాడు?" అని అడిగాడు.

ఏమవుతాడో మీరు రాయాలి. హయగ్రీవ దొర మాకు పాలివాడు. ఈ మాట ఇంగ్లీషులో రాసి, కింద గుండ్రటి ముద్ర వేసి పంపండి. ముద్ర గుండ్రంగా లేకపోతే ఇక్కడ చెల్లదు. కొట్టం నాకు నిలిస్తే దొర చిన్నతనం సంగతులు మీరడిగినన్ని చెబుతాను. నిలవకపోతే అవి నాతోపాటు చిత్తడిలోకి పోతాయి.

వేలిముద్రతో,
చిన్నమ్మి

తా.క. మధ్యలో ఈ ఉత్తరం విప్పి చదివే ఆఫీసరు బాబుకు: మళ్లీ అంటించేటప్పుడు అన్నం మెతుకులు వాడకండి. పోయినసారి ధర్మరాజు గారి జాబుకు చీమలు పట్టాయి.

*

విశాఖపట్నం
1988 మార్చి

పూజ్యురాలు చిన్నమ్మి గారి పాదాలకు,

మీ ఉత్తరం అందింది. నేను వీధి అరుగు మీద విప్పగా మా ఆవిడ వంటింట్లోంచే చదివేసింది. అప్పలస్వామి గారి దస్తూరీకి నా అభినందనలు.

మీరు హయగ్రీవ దొర అంటున్నది ఆంబ్రోస్ హార్‌గ్రీవ్ గారిని. తండ్రి జాషువా టేకు వర్తకుడు. తల్లి ఈయన పుట్టిన పదోనాడే కన్నుమూసింది. ఏడేళ్ల వయసులో ఓడెక్కించి ఇంగ్లండు బడికి పంపారు. పెద్దయ్యాక ఆయన ఎక్కని కొండ లేదు. సాల్వీన్ నది లోయలో నిట్టనిలువు రాళ్ల కింద తోటివాళ్లు తాళ్లు వెతుక్కుంటూ ఉండగా, ఆయన అప్పటికే పైన కూర్చుని చుట్ట కాలుస్తూ ఉండేవారట. అంతటివాడి తొలి ఏడేళ్ల గురించి మాత్రం ఇంగ్లీషు గ్రంథాలన్నీ మౌనం వహించాయి.

మీరు ఒక్క మాటతో ఆ మౌనాన్ని బద్దలు కొట్టారు. 'పాలివాడు' అన్నారు. నేను శ్రీకాకుళం జిల్లావాణ్ని. ఆ మాట బరువు నాకు తెలుసు. పాలివాళ్లంటే ఒక తండ్రి సంతతి, ఒకరు పోతే ఇంకొకరు మైల పట్టేవాళ్లు. అంటే జాషువా గారికీ మీ ముత్తవ్వగారికీ మధ్య... ఈ వాక్యం పూర్తి చేయడానికి నా సంస్కారం ఒప్పుకోవడం లేదు. చరిత్రకారుడిగా పూర్తి చేయకుండా ఉండనూ లేను. దయచేసి మీరే పూర్తి చేసి పంపండి.

కోరిన కాగితం జతపరిచాను. శ్రీమతి చిన్నమ్మి హార్‌గ్రీవ్ వంశానికి చెందినవారని స్పష్టమైన ఇంగ్లీషులో రాశాను. నేను రిటైరయ్యాను గనుక నాకంటూ ముద్ర లేదు. దాని మీద పడింది మా కాలేజీ హాస్టలు మెస్సు ముద్ర. గుండ్రంగా ఉన్నది అదొక్కటే దొరికింది.

వినయపూర్వకంగా,
ఢిల్లేశ్వరరావు

తా.క. మీ ఇంట్లో ఎవరికైనా పిల్లికళ్లు గానీ ఎర్రజుట్టు గానీ ఉన్నాయా? మొహమాటపడకండి.

*

రంగూన్
1988 మే

ఢిల్లేశ్వరరావు అనే ఆయనకు,

మీ ఉత్తరం అప్పలస్వామి నాకు మూడుసార్లు చదివాడు. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి తిట్లు వరసగా పెట్టుకోవడానికి చదివించుకున్నాను.

(ఇక్కడ ఆమె చెప్పిన నాలుగు వాక్యాలు నేను రాయలేదు. మిగతా చోట్ల 'నువ్వు' అన్నది 'మీరు' అని దిద్దాను. – అప్పలస్వామి)

మా ముత్తవ్వ పేరు పైడితల్లి. ఆమె పెనిమిటి రేవులో మూటలు మోసేవాడు. మా ముత్తవ్వ దొర ఇంటి గడప లోపల అడుగు పెట్టి ఎరగదు. "నాను ఆలింట్లో కాలెట్టడమేటి? ఆ గుంటడే నా కొట్టంలోకి పాక్కుంటా వస్తాడు" అనేదట. అలాగే వచ్చేవాడు. ఇందులో రక్తం లేదు, చుట్టరికం లేదు, మైల అంతకన్నా లేదు. మధ్యలో ఉన్నది పాలు. తల్లి పోయిన నాటినుంచి ఓడెక్కే నాటిదాకా ఆ పిల్లవాడు తాగినవి మా కొట్టంలో పాలే. చదువుకున్నవాళ్లకు పాలు అంటే ముందు పాలే తోచాలి గానీ ఆ పాడు బుద్ధి ఎలా తోచిందో నాకు తెలియదు.

మీ కాగితం చేసిన నిర్వాకం వినండి. ఊ బ చిట్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం? మీరు ఇంగ్లీషువాళ్లన్నమాట. ఇంగ్లీషువాళ్ల ఇళ్లు ప్రజలవై చాలా ఏళ్లయింది. అందరికన్నా ముందు ఖాళీ చేయాల్సింది మీరే" అన్నాడు.

"నా మొకం సూసి సెప్పు బావూ. నాను ఇంగ్లీసుదాన్నా?" అన్నాను.

"మొహం సంగతి నాకు తెలియదు. కాగితంలో అలా ఉంది. పైగా ముద్ర గుండ్రంగా ఉంది" అన్నాడు.

వానలు వెళ్లేదాకా గడువిచ్చాడు. ఆ లోపల వేరే కాగితం రావాలి. అందులో రక్తం ఉండకూడదు.

ఇక్కడ కాలేజీ పిల్లలకూ పోలీసులకూ గొడవలు జరుగుతున్నాయి. చాలామందిని ఇన్సేన్ జైలుకు తీసుకెళ్లారట. మా వీధిలో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నాకు గుసగుసగా మాట్లాడడం చేతకాదు గనుక నన్ను ఇంట్లోనే ఉండమన్నారు.

వేలిముద్రతో, కోపంతో,
చిన్నమ్మి

తా.క. మా ఇంట్లో పిల్లికళ్లున్నది పిల్లికే.

ఇంకో తా.క. ఆమె నోటితో 'పాలోడు' అంది. ఉత్తరం గదా, మర్యాదగా ఉంటుందని 'పాలివాడు' అని నేనే రాశాను. ఇందులో నా తప్పేమిటో ఇప్పటికీ తెలియలేదు. – అప్పలస్వామి

*

విశాఖపట్నం
1988 జూలై

మాతృమూర్తి చిన్నమ్మి గారికి,

చెంపలు వేసుకుని రాస్తున్నాను. అప్పలస్వామి గారు రాయకుండా వదిలేసిన నాలుగు వాక్యాలూ నాకు చెందవలసినవేనని మా ఆవిడ తీర్పు చెప్పింది.

పాలు. ఇంత చిన్న మాట నా బుర్రకు అందలేదు. తల్లి లేని తెల్లబిడ్డను తన బిడ్డతోపాటు గుండెకు హత్తుకుని పెంచిన ఒక తెలుగుతల్లి. అమ్మా, హార్‌గ్రీవ్ గారి మీద పుస్తకాలు రాసిన ఇంగ్లీషువాళ్లు ఆయన కాళ్లలో అంత పట్టు ఎక్కడిదని తలలు బద్దలు కొట్టుకున్నారు. నిట్టనిలువు బండమీద నాలుగు వేళ్ల మేర చోటుంటే నిలబడేవారట. ఆ నిలకడ పాలనుంచి వచ్చింది. ఈ మాట నేను మొన్న మహిళామండలి సభలో చెప్పాను. అధ్యక్షురాలు కోటేశ్వరి గారు కంటతడి పెట్టుకున్నారు. వెనక వరసలో ఎవరో ఈలవేశారు గానీ అది వేరే సందర్భం.

కొత్త కాగితం పంపుతున్నాను. ఇందులో రక్తం లేదు. చిన్నమ్మి గారి కుటుంబం హార్‌గ్రీవ్ గారికి పాలిచ్చి పెంచిన కుటుంబమని మాత్రమే ఉంది. మెస్సు ముద్రే వేశాను.

పుస్తకంలో ఆ తల్లికి ఒక అధ్యాయం కేటాయించాను. దయచేసి ఇవి చెప్పండి. ఇద్దరు పిల్లలకూ పాలు చాలేవా? ఆమె ఏం తినేది? గుణం ఎలాంటిది? దొరగారి తండ్రితో ఎలా మెలిగేది?

సిగ్గుతో,
ఢిల్లేశ్వరరావు

తా.క. రేడియోలో మీ ఊరి పేరు తరచు వినబడుతోంది. ఇంట్లోనే ఉండండి.

*

రంగూన్
1988 ఆగస్టు చివర

ఢిల్లేశ్వరరావు మాస్టారికి,

ఈసారి మర్యాదగానే రాయిస్తున్నాను. ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. తపాలా ఆఫీసు తాళం వేసి ఉంది. అప్పలస్వామికి తెలిసిన ఓడవాడు ఒకడు తీసుకెళతానన్నాడు.

ఊరంతా పని మానేసింది. పేట ఆఫీసు కూడా మూసేశారు. మీ రెండో కాగితం పట్టుకుని వెళితే తలుపు దగ్గర కుక్క పడుకుని ఉంది. మా వీధికి అటూ ఇటూ వెదురు తడికలు కట్టి, కొత్తవాళ్లు ఎవరొచ్చినా అడగమని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అడుగుతున్నాను. నిన్న ఒకాయన నేనడిగినవాటికి జవాబు చెప్పలేక వేరే వీధిలోంచి పోయాడు. అతను ఈ వీధిలోవాడేనని తర్వాత తెలిసింది.

ఈ నెల మొదట్లో స్టేషను వైపు కాల్పులయ్యాయి. మరునాడు రోడ్డు నిండా చెప్పులున్నాయి. మేము ముసలాళ్లం వెళ్లి జతలు కలిపి గోడవార పెట్టాం. కొన్నిటికి మనుషులొచ్చారు.

మీరడిగినవాటికి వద్దాం. పాలు చాలేవా అన్నారు. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. మా తాతకు సగం, దొర పిల్లవాడికి సగం. మిగిలిన రోజున దొర తండ్రి టీలో పోసుకునేవాడట. ఏం తినేదన్నారు. పనసాకంటే ప్రాణమట. ఆకలి మీదుంటే ఇంగ్లీషు పేపరు కూడా వదిలేది కాదట. గుణం మంచిదే గానీ పొగరు. దొర తండ్రితో ఎలా మెలిగేదన్నారు. మొదట్లో బాగానే ఉండేదట. ఒకనాడు ఆయన వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే వెనకనుంచి వచ్చి ఒక్క పోటు పొడిచిందట. ఆయన చాలాకాలం నిలబడే భోంచేశాడు. అయినా దాన్ని పొమ్మనలేదు. పిల్లవాడు అదంటే పడిచచ్చేవాడు.

ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తెరిస్తే నన్ను పంపుతారు. తెరవకపోతే బియ్యం దొరకదు. ఏది కోరుకోవాలో తేలక కుర్చీలో కూర్చున్నాను.

వేలిముద్రతో,
చిన్నమ్మి

తా.క. ఉత్తరాలు విప్పి చదివే బాబు కూడా పని మానేసినట్టున్నాడు. ఈ నెల జాబులకు చీమలు లేవు.

*

విశాఖపట్నం
1988 నవంబరు

అమ్మా,

మీ ఆగస్టు ఉత్తరం అక్టోబరులో అందింది. ఆ తర్వాత మీ ఊరి గురించి విన్న వార్తలతో నాకు నిద్ర సరిగా లేదు. మీరు ఉన్నారని ఒక్క ముక్క రాయించండి. మిగతాదంతా తర్వాత.

మిగతాది కూడా రాయకుండా ఉండలేకపోతున్నాను. మీ జవాబులు చదివి నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ముత్తవ్వగారిని మీరు 'అది' అని చనువుగా అనడంలో ఎంత ఆత్మీయత ఉందో నగరవాసులకు తెలియదు. పనసాకు సంగతి చెబితే, బాలింతలకు పనసాకు ఎవరైనా పెడతారా, కనుక్కోమని మా ఆవిడ అంది. పేపరు సంగతి మరీ గొప్పది. ఆ కాలంలో ఇంగ్లీషు పేపరు వదలకుండా చదివిన మన ఆడమనిషి ఇంకొకరు ఉన్నారని నేను అనుకోను. ఇక ఆ పోటు. ఆంగ్లేయ వర్తకుణ్ని అతని ఇంట్లోనే పొడిచి, ఉద్యోగం పోగొట్టుకోకుండా నిలబడిన ధీర. 'తొలి తిరుగుబాటు' అని దానికి వేరే అధ్యాయం పెట్టాను. టీలో పాలు పోసుకోవడం గురించి మీరు చెప్పిన వాక్యం మాత్రం పుస్తకంలో చేర్చలేదు. చరిత్రకైనా ఒక హద్దు ఉండాలి.

పుస్తకం అచ్చులో ఉంది. ముఖపత్రం మీదికి బొమ్మ వేయించాను. నేతచీర కట్టిన తల్లి, ఒళ్లో తెల్లబిడ్డ. కోటేశ్వరి గారు దాన్ని పెద్దది చేయించి మహిళామండలి హాల్లో పెడతామంటున్నారు. బొమ్మ కింద పేరు కావాలి. పైడితల్లి గారని ఇవ్వబోతే మా ఆవిడ, పాలిచ్చింది పైడితల్లే అని చిన్నమ్మి గారు ఎక్కడా అనలేదు, అడిగి రాయమంది. కనుక అడుగుతున్నాను. పాలిచ్చిన తల్లి పేరేమిటి? దొరగారు మొట్టమొదట పలికిన మాట తెలుగేనా?

ఆత్రుతతో,
ఢిల్లేశ్వరరావు

తా.క. కొట్టం సంగతి ఏమైంది? అసలు అడగాల్సింది ఇది. కింద రాశాను, క్షమించండి.

*

రంగూన్
1989 జనవరి

ఢిల్లేశ్వరరావు మాస్టారికి,

నేను ఉన్నాను. ఈ వీధిలో లేనివాళ్లు కొందరున్నారు. వాళ్ల గురించి ఉత్తరంలో రాయవద్దన్నారు.

పేట ఆఫీసు తెరిచారు. బోర్డు మారింది. కొత్త బోర్డులో అక్షరాలు వంకరగా ఉన్నాయని అప్పలస్వామి బాధపడుతున్నాడు. లోపల కుర్చీలో మాత్రం ఊ బ చిట్టే ఉన్నాడు. మీ రెండో కాగితం ఇచ్చాను.

చదివి, "పాలిచ్చి పెంచడమంటే దాదిపని. దాదులు నౌకర్ల కింద లెక్క. నౌకర్ల కొట్టం ఇంటితోపాటే పోతుంది. సోమవారం లారీ వస్తుంది, సామాను కట్టుకో" అన్నాడు.

నేను కదల్లేదు. "నౌకర్లం కాము బావూ, పాలోలం" అన్నాను. వాటా ఉన్నవాళ్లమని చెప్పడానికి బర్మా మాట నాకు రాదు. చేతులతో చెప్పాను. "మేక ఆలది. మేత మాది. పాలు పిల్లలకి. అది ఈనితే ఒక పిల్ల ఆలకి, ఒక పిల్ల మాకు."

ఊ బ చిట్ కలం కింద పెట్టాడు. ఆయనది ట్వంటే దగ్గర పల్లె.

"మా ఊళ్లో గేదెల్ని అలాగే ఇస్తారు. పాలుకు మేపడమా మీది? ఏడాదినుంచి చెప్పవేం?" అన్నాడు.

"దొర ఏటవుతాడని అడిగినావు. మేక ఏటవుద్దని ఎవులడిగినారు?" అన్నాను.

బీరువాలోంచి ఒక పాత ఉత్తర్వు తీశాడు. పొలం గానీ పశువులు గానీ పాలుకు చేసుకునేవాళ్లను ఆ చోటినుంచి కదపకూడదని అందులో ఉందట. ఇన్ని ప్రభుత్వాలు మారినా దాన్ని రద్దు చేయడం అందరూ మరిచిపోయారట. అయితే పశువు ఆ చోట ఉండాలి.

"ఆ మేక ఉందా?" అన్నాడు.

"నూట ముప్పయ్యేళ్లు ఉండడానికి అదేటైనా ఆపీసరా? దాని మనవరాళ్ల మనవరాళ్లు మూడున్నాయి. ఒకటి కడుపుతో ఉంది" అన్నాను.

స్వయంగా వచ్చి చూశాడు. కడుపుతో ఉన్నదాన్ని నిమిరి కూడా చూశాడు. కొట్టం నాకు నిలిచింది. లారీ రాలేదు. కానీ దొర ఆస్తి అంతా ప్రజలదైంది గనుక మేకలో దొర పాలు కూడా ప్రజలదేనని, ఇకనుంచి ఈనిన ప్రతి ఈతకూ ఒక పిల్లను ఆఫీసుకు తోలమని రాసుకున్నాడు. అంటే ఇప్పుడు ఊ బ చిట్ నాకు పాలివాడు. మా మధ్య రక్తం లేదు, మైల లేదు గానీ, అతను రోజూ సాయంత్రం వచ్చి మేకలు సరిగా మేస్తున్నాయా అని అడిగి టీ తాగి పోతున్నాడు.

మాటిచ్చాను గనుక దొర చిన్నతనం చెబుతాను. దొరసాని పోయాక పిల్లవాడికి పాలు కావలసి దొర తండ్రి ట్వంటే పడవమీద మేకను తెప్పించాడు. మేపడం రాక మా ముత్తవ్వకు పాలుకు ఇచ్చాడు. పిల్లవాడు నడక నేర్చింది దాని తోక పట్టుకుని. దొడ్లో టేకు దుంగలు కొండల్లా పేర్చి ఉండేవట. అది ఎక్కితే వాడూ ఎక్కేవాడు. దిగడం ఇద్దరికీ వచ్చేది కాదు. మా ముత్తవ్వ నిచ్చెన వేసి ముందు మేకను దింపేదట, దాంట్లో తన పాలుంది గనుక. మొదట పలికిన మాట అడిగారు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. అయినా ఆ మాట వినగానే మేక ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేదట. ఓడెక్కిన రోజున అది రేవుదాకా నడిచి వెళ్లింది. పిల్లవాడి తండ్రి అదిలించినా కదల్లేదు. తిరిగొచ్చాక కొంతకాలం మేత ముట్టలేదట. పేపరు కూడా.

మెడలో పూసలదండ ఉండేది గనుక మణిమాల అని పిలిచేవాళ్లు. బొమ్మ కింద ఆ పేరే రాయించండి. మీ ఆవిడ తెలివైనది. ఈసారి ఉత్తరాలు ఆమెను రాయమనండి.

వేలిముద్రతో,
చిన్నమ్మి

తా.క. పాపం డబ్బు పోసి వేయించారు, బొమ్మ కొత్తగా వేయించకండి. చీర ఉండనివ్వండి. కొమ్ములు పెట్టిస్తే చాలు.